ఓల్టేజీ కాదన్న అక్క

అక్క పోయిందన్న కబురు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చూశాను. పెట్టింది మా కంపెనీ యజమాని, మా సారు. వెలుగుతున్న దీపం బొమ్మ, దాని కింద 'మన కుటుంబ సభ్యురాలు ఇక లేరు' అన్న వాక్యం. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. బతికున్నన్నాళ్లూ ఆమె ఎదురుపడితే ముఖం తిప్పుకొన్న మనిషికి, పోయిన గంటలోనే ఆమె కుటుంబమైపోయింది.

అనంతపురంలో ఒక టైర్ల షాపు పైన మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. రైతు ఇంటి నుంచి మిస్డ్ కాల్ ఇస్తే తోటలో బోరు మోటారు ఆడుతుంది, బోరులో నీళ్లు దిగిపోతే తనంతట తనే ఆగుతుంది. ఆ ప్రోగ్రాం మాదే. మేం రాసినదాంట్లో తప్పులు పట్టడం అక్క పని. ముందర 'టెస్టింగ్ అక్క' అనేవాళ్లం. వెనకాల అన్నవి ఇక్కడ రాయను.

ఆమె నాకు ఇష్టం లేదు. పోయింది కదా అని ఇప్పుడు ఇష్టం తెచ్చిపెట్టుకోలేను. పలకరిస్తే పలికేది కాదు. మధ్యాహ్నం గోడవైపు తిరిగి జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి తినేది. ఒక్క ముక్క ఎవరికీ పెట్టిన పాపాన పోలేదు. నేను కష్టపడి రాసిన కోడును అందరి ముందూ తీసిపారేసేది. "ఇది పని చేస్తాదని చెప్పొద్దప్పా. యాడ పని చేయదో అది చెప్పు" అనేది. నేను పళ్లు నూరుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఒక ఎండాకాలం కళ్యాణదుర్గం వైపు ఒక చీనీతోట, అంటే బత్తాయితోట, రైతు మోటారు కాలిపోయింది. బోరులో నీళ్లు లేకపోయినా అది ఆగలేదు. ఇంకో మోటారు దించేలోపు చెట్లు చాలావరకు మాడిపోయాయి. "ఓల్టేజీ" అని తేల్చేశాడు సారు. ఆఫీసులో కాల్ ఇచ్చి చూస్తే అంతా చక్కగానే ఉంది కాబట్టి నేనూ ఔనన్నాను. అక్క మాత్రం బస్సెక్కి ఆ తోటకు పోయింది.

మేం ఆఫీసులో ఎన్నడూ చూడనిది ఆమె అక్కడ చూసింది. త్రీఫేజు కరెంటు రాగానే ఊరు ఊరంతా ఒక్కసారే ఫోన్లు తీస్తుంది. మోటారు ఆడటం కాస్త ఆలస్యమైతే మళ్లీ కాల్, మళ్లీ కాల్. నీళ్లు తక్కువున్న బోరు ఆ రద్దీలోనే ఖాళీ అయిపోతుంది. ఆమె తోటలోంచే నాకు ఫోన్ చేసి, గార్బేజ్ కలెక్షన్ ఈవెంట్లు తెరిచి చూడమంది.

మా ప్రోగ్రాం ఒక వర్చువల్ మెషీన్ మీద నడుస్తుంది. వాడి వదిలేసిన మెమరీని ఆ మెషీన్ అప్పుడప్పుడు చెత్తలా ఊడ్చుకుంటుంది. ఊడ్చిన ప్రతిసారీ ఆ సంగతి చెబుతూ ఒక ఈవెంట్ పంపుతుంది. దాన్ని అందుకునే కోడు సారు స్వయంగా రాసింది, ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఈవెంట్ రాగానే ఆ కోడు పొడుగాటి రిపోర్టు తయారుచేసేది. ఆ రిపోర్టే మళ్లీ చెత్త. దాన్ని ఊడ్చడానికి మళ్లీ పని, మళ్లీ ఈవెంట్, మళ్లీ రిపోర్టు. మామూలప్పుడు ఎలాగో చెల్లిపోయేది. ఊరంతా కాల్ చేసినప్పుడు మాత్రం ఈ ఈవెంట్లన్నీ వరసలో ముందు నిలబడిపోయాయి. 'నీళ్లు లేవు, మోటారు ఆపు' అన్న ఆదేశం వాటి వెనక పడిగాపులు కాస్తోంది. నా కళ్ల ముందే స్క్రీన్ నిండిపోయింది.

"కనపడతాండాదా?" అంది అక్క. "ఊడ్చినాం, ఊడ్చినాం అని డప్పు కొట్టుకొనేదానికే పొద్దు సరిపోయింది. మోటారు ఆపేవాడు యాడుండాడు?"

తిరిగొచ్చి నేరుగా సారు ముందు నిలబడింది. "ఓల్టేజీ కాదు సార్, మన తప్పు. మీరే పోయి ఆ రైతుకు చెప్పాల. మోటారు కొనియ్యాల."

"కోడు దిద్దుకోండమ్మా. ఊరంతా దండోరా ఎందుకు?" అన్నాడాయన.

"రైతుకు నువ్వే చెప్పేయొచ్చు కదక్కా" అన్నాను బయటికొచ్చాక.

"నేను చెప్తే చాడీ అయితాది. చెడగొట్టినోడు చెప్తేనే అది తప్పు ఒప్పుకొన్నట్లు."

కోడు మేమిద్దరం దిద్దాం. ఈవెంట్లను వేరే వరసలోకి మళ్లించి, రిపోర్టును ఒక్క ముక్కకు కుదించాం. ఊరంతా కాల్ చేసినట్టు నకిలీ కాల్స్ కురిపించి, అక్క నా సహనం చచ్చేదాకా పరీక్షించింది. నాకు పని వచ్చిందంటే అప్పుడే వచ్చింది. ఆ రుణం నాకుంది, కాదనను. సారు మాత్రం రైతు దగ్గరికి పోలేదు. ప్రతి మీటింగు చివరా అక్క అడిగేది, "పోయినారా సార్?" అని. మీటింగుకు పిలవడం మానేశాడు. తలుపు దగ్గర నిలబడి అడిగేది. అడుగుతూ అడుగుతూనే, ఒకరోజు గుండె ఆగి పోయింది.

సంతాప సభ ఆఫీసులోనే పెట్టారు. సారు ఫొటోకు దండ వేసి, "నిజాయితీకి మారుపేరు" అన్నాడు. సిగ్గన్నా లేదు. అప్పుడే ఎవరు చెప్పారో, ఆ చీనీతోట రైతు మెట్లెక్కి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. నేను లేచి ఆయన దగ్గరికి పోయాను. లోపలివాళ్లకు వినపడేలాగే చెప్పాను.

"అన్నా, నీ మోటారు కాలింది ఓల్టేజీకి కాదు. మా ప్రోగ్రాం తప్పు."

ఆయన ముఖం గట్టిపడింది. "ఎప్పుడు తెలిసె మీకు?"

"అక్క నీ తోటకొచ్చిన పొద్దే."

ఆయన గుమ్మం బయటినుంచే ఫొటో వైపే చూస్తున్నాడు.

"ఆ పొద్దు మా ఆడోళ్లు మజ్జిగ ఇస్తే ముట్టలేదప్పా ఆయమ్మ" అన్నాడు. "ఎండకు నోరు పిడచకట్టుకొని పోతాండాది, అయినా వద్దంటే వద్దనె. టౌనుదానికి ఎంత పొగరో అనుకొంటి. ఎందుకో ఇప్పుడు తెలిసె."

చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. సారు చెయ్యి చాచి ఎదురొచ్చాడు. రైతు ఆ చేతిని చూడనే లేదు. పక్కనుంచి దాటుకుని లోపలికి పోయి, అక్క ఫొటో ముందు తలగుడ్డ తీసి నిలబడ్డాడు.