వెచ్చగా దాచిన మూలుగ

గుడ్లక్క పాతికేళ్లుగా కోళ్ల హేచరీలో పనిచేస్తోంది. పొదిగే గది తలుపు తీస్తే చాలు, ముఖానికి తగిలే వేడిని బట్టి డిగ్రీ ఎక్కువైందో తక్కువైందో చెప్పేస్తుంది. ఎక్కడైనా గుడ్డు చల్లబడిందంటే ఆమె ప్రాణం ఉసూరుమంటుంది. దాన్ని కడుపుకు ఆనించుకుని ట్రే దాకా తీసుకొస్తుంది. ఆ అలవాటు చూసే వీధిలో వాళ్లు ఆమెకు ఆ పేరు పెట్టారు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది కూడా అలాగే. బస్సులు బాగుచేసే ఆ తమ్ముడికి ఇప్పుడు రక్త క్యాన్సర్. మొదట ఇచ్చిన మందు పనిచేయలేదు.

ఎందుకు పనిచేయలేదో తెలిసేదాకా గుడ్లక్క డాక్టరమ్మను వదల్లేదు.

"కణంలో ఆర్‌ఎన్‌ఏ అని చీటీల్లాంటివి ఉంటాయమ్మా. కొన్నిటిని చూసి కణం ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది. కొన్నిటితో ఏ ప్రొటీనూ తయారవదు. కానీ వాటిలో కొన్ని, పెరిగింది చాలు ఆగమని కణాన్ని అదుపులో పెడతాయి. మీ తమ్ముడిలో అలాంటిదేదో మూగబోయినట్టుంది. పెరగమనే కబురు ఆగకుండా పోతూనే ఉంది."

"మా పొదిగే పెట్టెలో వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ లాగానా? అది ఒక్క పిల్లనీ చేయదు. అది చెడిందంటే మాత్రం గుడ్లన్నీ ఉడికిపోతాయి."

"అచ్చం అంతే. ఏది చెడిందో తెలిస్తే ఏ మాత్ర పనికొస్తుందో తేల్చుకోవచ్చు."

ఆ పరీక్ష కోసం తమ్ముడి నడుము ఎముకలోంచి మూలుగ తీశారు. వాడు దిండు అంచును పళ్లతో కరిచిపట్టుకున్నాడు. నర్సు మూలుగ నింపిన గొట్టాన్ని మంచుపెట్టెలో సర్ది, ఊరి అవతల ఉన్న ల్యాబులో ఇచ్చి రమ్మని గుడ్లక్కకు చెప్పింది. పెట్టె తెరవొద్దని మరీ మరీ చెప్పింది.

బస్సులో గుడ్లక్క మనసు ఆగలేదు. తెరిచి చూసింది. గొట్టం వేలికి జివ్వుమని తగిలింది. తమ్ముడి ప్రాణం అందులో గడ్డకట్టుకుపోతున్నట్టే అనిపించింది. తీసి కడుపుకు ఆనించుకుని, పైన శాలువా కప్పుకుంది. ల్యాబు గుమ్మం దగ్గర మళ్లీ మంచులో పెట్టేసింది.

మర్నాడు డాక్టరమ్మ పిలిచింది. "నమూనా పనికిరాలేదట. వేడి తగిలితే ఆ చీటీలు ముక్కలైపోతాయి." నర్సు వైపు తిరిగింది. "మంచు తక్కువేశావా?"

నర్సు తల వంచుకుంది. గుడ్లక్క ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆ అమ్మాయి తప్పేం లేదు. నేనే తీసి పొదిగాను."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది. "జ్వరం పెరుగుతోందమ్మా. మళ్లీ తీసినా, ఫలితం వచ్చేదాకా తట్టుకుంటాడని చెప్పలేను."

గుడ్లక్క తమ్ముడి మంచం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పేసింది. వాడు పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"ఇంతకీ పిల్లయిందా అక్కా?"

"నోర్ముయ్ రా." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నువ్వు ఏడవకు. నాకు ఓపిక లేదు." మెల్లగా పక్కకు తిరిగి నడుము మీది బట్ట తనే జరుపుకున్నాడు. పాత కట్టు ఇంకా తడిగానే ఉంది.

రెండోసారి తీసిన మూలుగతో ఆ రోజు బస్సెక్కిన గుడ్లక్క, ఖాళీ సీట్లున్నా కూర్చోలేదు. కూర్చుంటే పెట్టె ఒడిలోకి వస్తుంది. ఒంటికి తగలకుండా చేయి చాచి, పిడి పట్టుకుని, ఊరి అవతల దాకా నిలబడే వెళ్లింది. భుజం పీకుతున్నా చేయి దగ్గరికి తీసుకోలేదు.