అమ్మ రాళ్ళ సీసా

మా నాన్న బాపట్లలో కెమిస్ట్రీ లెక్చరర్. ఆయన కంటికి లోకంలో మనుషుల కంటే ముందు ఘనపదార్థాలు కనిపించేవి. ఉప్పు జాడీ మూత తీస్తే పాఠం, కలకండ నోట్లో వేసుకోబోతే పాఠం. "ఉప్పు అయానిక స్ఫటికం. సుత్తితో కొడితే పొడైపోతుంది గానీ సాగదు. మేకు లోహ స్ఫటికం, కొట్టేకొద్దీ సాగుతుంది. కలకండ అణు స్ఫటికం, కాస్త సెగ తగిలితే చాలు, కరిగిపోతుంది. ఇక వజ్రం ఉందే, అది సమయోజనీయం..." అని చెయ్యి పైకెత్తేసరికి వంటింట్లోంచి అమ్మ, "మనింట్లో లేనివాటి గురించి ఎందుకండీ, పిల్లకి బడి టైమవుతుంది" అనేది.

అమ్మది రేపల్లె. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. అయినా వినీ వినీ ఆయన పాఠాలన్నీ ఆమెకు వచ్చేశాయి. ఎండాకాలం రోడ్డు మీద తారు చెప్పుకు అంటుకుంటే, "ఇది స్ఫటికం కాదుగా, అందుకే దీనికి ఒక మాట మీద నిలబడటం తెలీదు" అని నవ్వేది. మంచుగడ్డ సున్నా డిగ్రీల దగ్గరే కరుగుతుంది. తారు, గాజు లాంటివి అలా కాదు, మెత్తబడుతూ మెత్తబడుతూ పోతాయి, ఫలానా చోట కరిగిందని చెప్పలేం. నాన్న క్లాసులో అరగంట చెప్పేదాన్ని అమ్మ ఒక్క మాటలో తేల్చేసేది.

ఎనభైల మధ్యలో, నేను ఇంటర్ చదువుతూ నాన్న క్లాసులోనే కూర్చుంటున్న రోజుల్లో, అమ్మకు కుడి డొక్కలో నొప్పి మొదలైంది. తిన్నది ఇమడటం లేదు. ముందు గ్యాస్ అన్నారు, తరువాత అల్సర్ అన్నారు, వాము నమలమన్నారు. చివరికి తెనాలి తీసుకెళ్ళాం. మా వైపు ఏ పెద్ద జబ్బు చేసినా అప్పట్లో తెనాలే. పిత్తాశయంలో రాళ్ళున్నాయని చెప్పి, పొట్ట కోసి దాన్ని తీసేశారు.

ఆపరేషన్ అయ్యాక నర్సు స్టీలు పళ్ళెంలో రాళ్ళు తెచ్చి మాకు చూపించింది. ఆ తరువాత వాటిని కడిగి, ఖాళీ ఇంజెక్షన్ సీసాలో పోసి, రబ్బరు మూత పెట్టి నాన్న చేతికిచ్చింది. అది అక్కడి ఆనవాయితీ. రాళ్ళు కళ్ళతో చూస్తేగాని ఇంటివాళ్ళకి ఆపరేషన్ జరిగిందని నమ్మకం కుదరదు. అమ్మకు మెలకువ రాగానే ఆ సీసా దిండు పక్కకు చేరింది. బత్తాయిలు, హార్లిక్సు సీసాలు పట్టుకుని ఎవరు చూడటానికొచ్చినా అమ్మ ముందు దాన్ని తీసి చూపించేది. వాళ్ళు వెలుతురుకి పట్టి, గలగలలాడించి, "అమ్మో, ఇన్ని మోశావా తల్లీ" అని బుగ్గలు నొక్కుకునేవాళ్ళు.

మా నాయనమ్మ మాత్రం సీసా చూసి పెదవి విరిచింది. "బియ్యం సరిగ్గా ఏరకుండా వండితే కడుపులో రాళ్ళు పడక ముత్యాలు పడతాయేంటి?" అంది. అవి పిత్తరసంలోని కొలెస్టరాల్ గడ్డకట్టడం వల్ల వచ్చాయనీ, బియ్యానికీ వీటికీ సంబంధం లేదనీ నాన్న చాలాసేపు చెప్పాడు. నాయనమ్మ అంతా విని, "అయితే మాత్రం, ఏరితే తప్పేముంది?" అంది. నొప్పితో పొట్ట పట్టుకుని మరీ అమ్మ నవ్వింది, మేమూ నవ్వాం. ఆ నవ్వు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ తరువాత మా ఇంట్లో అలా అందరం కలిసి నవ్వింది లేదు.

కుట్లు విప్పించుకోవడానికి మళ్ళీ తెనాలి వెళ్ళాం. తీసేసిన పిత్తాశయాన్ని డాక్టరు పరీక్షకి గుంటూరు పంపించారట. నాన్నను ఒక్కడినే లోపలికి పిలిచారు. స్టేషనుకి వచ్చి, అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, నన్ను ప్లాట్‌ఫారం చివరిదాకా నడిపించాడు. వెనక్కి తిరిగి చూస్తే, అమ్మ అప్పుడే చేతిసంచీలోంచి సీసా తీసి, కొల్లూరు నుంచి అరటి గెలలు తెచ్చిన ఒకామెకి చూపిస్తోంది.

"పిత్తాశయం గోడలో క్యాన్సర్ ఉందట. లివర్‌కి కూడా పాకిందట" అన్నాడు నాన్న.

"తీసేశారుగా నాన్నా?" అన్నాను.

"తీసింది రాళ్ళున్న సంచిని. రాయికి అంచు ఉంటుందమ్మా. ఇదిగో, ఇక్కడితో అయిపోయిందని చెప్పొచ్చు. దీనికి అంచు లేదు. ఎక్కడిదాకా పోయిందో డాక్టరుగారికే తెలీదట."

సిగ్నల్ వైపు చూస్తూ ఇదంతా చెప్పాడు. ఆ మనిషికి దుఃఖం కూడా పాఠంలాగే వచ్చేది. నేను ఏడుస్తానేమోనని చెయ్యి గట్టిగా పట్టుకుని, "అమ్మకి తెలియకూడదు. డాక్టరుగారు కూడా అదే చెప్పారు. తెలిస్తే ధైర్యం పోద్ది. ఉన్నన్నాళ్ళూ నవ్వుతూ ఉండనీ" అన్నాడు. ఆ కాలంలో అందరూ అలాగే చేసేవాళ్ళు. రోగికి తప్ప వీధంతటికీ జబ్బు పేరు తెలిసేది. మా వీధికి కూడా తెలియనివ్వలేదు నాన్న. మేం బెంచీ దగ్గరికి తిరిగొచ్చేసరికి అరటి గెలల ఆమె అమ్మతో, "ఇంకేంటమ్మా, పీడ వదిలిపోయింది, ఇక నువ్వు నూరేళ్ళు" అంటోంది.

కాలేజీలో ఘనస్థితి పాఠం వచ్చింది. ఆ రోజు పొద్దున నాన్న సీసా అడిగితే అమ్మ పొంగిపోయింది. దాన్ని కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. క్లాసులో నాన్న ఒక రాయిని బ్లేడుతో రెండుగా కోశాడు. పైన నున్నగా పలకలు పలకలుగా ఉంది. "ఈ పలకలు చూసి మోసపోకండి, ఇవి స్ఫటికం ముఖాలు కావు. ఇరుకులో ఒకదాన్నొకటి ఒరుసుకుంటే వచ్చినవి. లోపల చూడండి" అన్నాడు. లోపల నడిమధ్య నుంచి అంచుల దాకా సన్నటి గీతలు, తళతళమంటూ. కొలెస్టరాల్ అణువులు వరస తప్పకుండా పేర్చుకుంటే అలా వస్తాయట. గోరుతో గీస్తే గీత పడుతుంది, అణు స్ఫటికాలు మెత్తన కాబట్టి. ఆ ముక్క బెంచీ బెంచీకీ చేతులు మారి నా దాకా వచ్చింది. నేను ముట్టుకోకుండా పక్క అమ్మాయికి జరిపాను.

"ఎవరివి సార్ ఇవి?" అని ముందు బెంచీలో ఒకబ్బాయి అడిగాడు.

"ఒక పేషెంటువి."

"ఆమె బాగుందా సార్ ఇప్పుడు?"

వాడికి ఆ పేషెంటు ఆడమనిషి అని ఎందుకు తోచిందో తెలియదు. నాన్న బోర్డు వైపు తిరిగి, "బాగుంది" అన్నాడు. ఆ తరువాత స్ఫటికేతర పదార్థాల గురించి చెప్పాలి. ఏటా ఇష్టంగా చెప్పే భాగం అది. "మిగతాది మీరే చదువుకోండి, సులువే" అని బెల్లు కొట్టకముందే సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు. సాయంత్రం అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చి, "నా రాళ్ళు చూసి పిల్లలేమన్నారండీ?" అని అడిగింది. "మెచ్చుకున్నారు" అన్నాడు నాన్న. నాకు ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పాలంటే ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

వానలు తగ్గే వేళకి అమ్మ కళ్ళు పచ్చబడ్డాయి. చూసినవాళ్ళంతా కామెర్లన్నారు. ఒకరు పసరు మందు తెచ్చారు, ఒకరు ఉప్పు మాన్పించారు. ఒకరోజు నాన్న మంచం పక్కన కూర్చుని జావ పడుతుంటే అమ్మ గ్లాసు పక్కకు నెట్టి సూటిగా అడిగింది.

"రాళ్ళు తీసేశారుగా, మరి కామెర్లెందుకొచ్చాయండీ?"

ఏ పిల్లవాడు ఏ ప్రశ్న వేసినా గంటసేపు చెప్పే మనిషి. "కోసిన చోట కాస్త వాపుంటది. తగ్గిపోద్దిలే" అన్నాడు. అమ్మ ఆయన ముఖంలోకి కాసేపు చూసి, "అంతేనా? సరే, తాగుతా, ఇటివ్వండి" అంది. ఆ తరువాత జబ్బు గురించి ఆమె ఇంకేమీ అడగలేదు. అడగడం మానేసింది కదా, ధైర్యంగా ఉందని నాన్న నాతో అన్నాడు. నేనూ నమ్మాను.

చివరి వారాల్లో రేపల్లె నుంచి మా పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క, వచ్చి మా దగ్గరే ఉంది. అక్కచెల్లెళ్ళిద్దరూ తలుపు దగ్గరగా వేసుకుని ఏవో మాట్లాడుకునేవాళ్ళు. నాన్న లోపలికి వెళ్ళగానే మాట మార్చి కూరల గురించి ఎత్తుకునేవాళ్ళు. పెద్దమ్మకు కూడా నాన్న జబ్బు పేరు చెప్పలేదు. క్రిస్మస్ ఇంకా రాకముందే, ఒక మధ్యాహ్నం, అమ్మ పోయింది.

మర్నాడు బాపట్లలోనే సమాధుల తోటలో గొయ్యి తవ్వించారు. కాలేజీ మొత్తం వచ్చింది. పాస్టరుగారు వాక్యం చదివారు, పెట్టె దించారు, ఒక్కొక్కరం పిడికెడు మట్టి వేశాం. పారలతో పూడ్చి, పైన మట్టి సర్ది, పూలు పరిచారు. జనం మెల్లగా గేటు వైపు కదిలారు. పెద్దమ్మ మాత్రం అక్కడే నిలబడి, నాన్న వైపు చూడకుండా, కోపంగా అంది.

"దాని చివరి కోరిక తీర్చలేకపోయారా మరిదిగారూ? రేపల్లెలో మా అమ్మ పక్కన చోటుందిగా."

నాన్నకు అర్థం కాలేదు. "ఏ కోరిక వదినా?" అన్నాడు.

"అదేంటండీ, మీకు చెప్పలేదా? నన్ను అమ్మ పక్కన పెట్టించక్కా అని రోజూ నా చెయ్యి పట్టుకునేది. మీ ఆయన్నే అడగవే అంటే, 'ఆయనకింకా తెలీదక్కా, నేను బాగైపోతాననుకుంటున్నాడు. ఇప్పుడడిగితే గుండె పగిలిపోద్ది, ఆఖర్న చెబుతాలే' అంది. చెప్పే ఉంటది, మీరే ఒప్పుకోలేదేమోనని నేను నోరు మెదపలేదు."

నాన్న మోకాళ్ళ మీద కూలబడి, కొత్త మట్టిని రెండు చేతులతో పక్కకు తోడటం మొదలుపెట్టాడు. గేటు దాకా వెళ్ళిన ఆయన విద్యార్థులే వెనక్కి పరిగెత్తుకొచ్చి, చేతులు పట్టుకుని లేపారు.