మెట్టుగూడలో టీకా మోర్చా

ముందే ఒప్పేసుకుంటాను. ఈ డ్యూటీ మొత్తం మీద అందరికంటే తెలివితక్కువ మాట అన్నది నేనే. అదీ దిగిన మొదటి గంటలోనే.

టీకా సెంటర్‌లో ఎనిమిదిన్నరకు రిపోర్ట్ చేయమన్నారు. ఎనిమిదింటికే వెళ్లి నిలబడ్డాను. సైన్యం నేర్పిన విద్యల్లో నాకు ఇప్పటికీ పూర్తిగా వచ్చింది ఇదొక్కటే, ముందుగా వెళ్లి ఎదురుచూడటం. రెండో వేవ్ తగ్గి వానలు మొదలైన వారం. మెట్టుగూడ మెయిన్ రోడ్డు నుంచి లాలాగూడ వైపు వాలిపోయే ఒక గల్లీ. గల్లీ చివర రేకుల కప్పు కమ్యూనిటీ హాలు. రాత్రి కురిసిన వాన మడమల లోతున నిలిచి ఉంది. ఎడమవైపు గేదెల కొట్టాలు, పాలవాళ్ల ఇళ్లు. వాళ్లు తాతల నాటి నుంచి ఇక్కడివాళ్లు. కుడివైపు అద్దె వాటాలు. వాటి నిండా శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు. నాదీ ఆ జిల్లాల వైపే. రిటైరయ్యాక సికింద్రాబాద్‌లోనే కార్ఖానా అనే పేటలో ఇల్లు తీసుకున్నాను.

సైన్యంలో నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని. తుపాకీ కంటే సిరంజి ఎక్కువ పట్టాను. నన్ను చూసి శత్రువులు భయపడినట్టు ఎక్కడా దాఖలాలు లేవు. మనవాళ్లు మాత్రం బాగా భయపడేవాళ్లు.

సామాను: నీలం రంగు టీకా పెట్టె, అందులో ఐస్ ప్యాకులు, సిరంజిలు, దూది, వాడిన సూది కత్తిరించే డబ్బా, ఒక మైకు. మనుషులం ముగ్గురం. సూది వేసేది సిస్టర్. వేయించుకున్నవాళ్లను అరగంట కూర్చోబెట్టి కనిపెట్టుకోవడం నా పని. గల్లీ మొదట్లో నిలబడి జనాన్ని పంపేది సిగ్నల్‌మన్. ఈయన కూడా సైన్యంలో రిటైరైనవాడే, ఊరు హైదరాబాదే గానీ ఈ గల్లీ కాదు. సొంత డబ్బుతో రెండు వాకీటాకీలు కొనుక్కొచ్చాడు. ఫోన్లు ఉన్నాయి కదా అంటే, "ఫోన్ల ఓవర్ అంటె మజా ఏముంటదన్నా" అన్నాడు.

మా పైన ఒక ప్రోగ్రాం ఆఫీసరు. కుర్రవాడు, చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. చేతిలో ట్యాబ్. అందులో రంగుల చార్ట్.

"హవల్దార్ గారూ, మీ పని సులువు చేస్తాను. ఏ కమ్యూనిటీ టీకాకి ముందుకొస్తుందో, ఏది రాదో ఇందులో ఉంది. కుడివైపు సెటిలర్స్, ఆకుపచ్చ. వేయించుకుంటారు. ఎడమవైపు లోకల్స్, ఎరుపు. వాళ్ల కల్చరే అంత."

ఆకుపచ్చలో నన్ను కూడా కలిపినందుకు పొంగిపోయాను. అప్పుడే అన్నాను ఆ మాట.

"మా వైపు వాళ్లు నా మాట కాదనరు సార్. మధ్యాహ్నానికి లైను కట్టిస్తాను."

పన్నెండయింది. వాకీటాకీ నొక్కాను.

"ఆల్ఫా నుంచి బ్రావో. ఎవరైనా వస్తున్నారా? ఓవర్."

"బ్రావో. ఒక మేక వస్తున్నది. ఆధార్ లేదు. ఓవర్."

సాయంత్రం వరకూ అంతే. మర్నాడూ అంతే. ఒక సీసా విప్పితే పదిమందికి వేయాలి, నాలుగు గంటల్లో అయిపోవాలి. కాబట్టి సిస్టర్ సీసా విప్పలేదు. చార్ట్ చూసుకుని ఆఫీసరు ఆర్డర్ ఇచ్చాడు.

"శనివారం సాయంత్రం అయిదు దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే ఆదివారం నుంచి సెంటర్ కార్ఖానాకి మారుతుంది. అక్కడ చదువుకున్నవాళ్లు ఉన్నారు. డోసులు దండగ కావు."

కార్ఖానా అంటే మా ఇంటికి నాలుగు అడుగులు. నాకు హాయి. కానీ ఈ గల్లీలో చాలా ఇళ్ల గోడల మీద కొత్త ఫొటోలకు దండలు వేలాడుతున్నాయి. ముసలివాళ్లకు స్మార్ట్ ఫోన్లు లేవు. స్లాట్ బుక్ చేసుకుని, ఆటో ఎక్కి కార్ఖానా దాకా వెళ్లేవాళ్లు ఒక్కరూ లేరు. పెట్టె ఇక్కడి నుంచి లేచిందంటే వీళ్లకు టీకా లేనట్టే.

గడప గడపకూ తిరిగాను. కుడివైపు మొదటి ఇల్లు సింహాచలానిది. గల్లీ వెనక ఉన్న చిన్న బడికి వాచ్‌మన్. మావాళ్లందరికీ పెద్ద దిక్కు.

"ఏటి బావూ, మా ఊరోడివి, నువ్వు సెప్తే కాదంతామా? ఎల్తాంలే, నువ్వెల్లు" అని టీ ఇచ్చి పంపించాడు. టీ బాగుంది. మనిషి రాలేదు.

ఎడమవైపు మొదటి ఇల్లు యాదమ్మది. అరవై దాటిన మనిషి, నాలుగు గేదెలు, కాస్త ఆయాసం. అందరికంటే ముందు టీకా పడాల్సింది ఆమెకే.

"సూస్త తియ్యి బిడ్డా" అంది. పాలు ఇచ్చింది. పాలూ బాగున్నాయి.

ఆఫీసరు కూడా ఒకసారి మాతో వచ్చి యాదమ్మను అడిగాడు.

"అమ్మా, మీకు వ్యాక్సిన్ మీద నమ్మకం ఉందా, లేదా?"

"ఉన్నది సారు."

"మరి రారేం?"

"వస్తం సారు."

"ఎప్పుడు?"

"సూస్తం సారు."

ట్యాబ్‌లో ఎర్రగా నొక్కాడు. సింహాచలం ఇంటి ముందూ ఇదే సంభాషణ నడిచింది, మాండలికం తేడాతో. శుక్రవారానికి కుడివైపు కూడా ఎర్రబడింది. అయినా ఆఫీసరు తగ్గలేదు. "సెటిలర్స్ లోకల్స్‌తో కలిసి పాడైపోయారు" అన్నాడు. మనుషులకు టీకా వేయించడం కంటే మనుషుల మీద టీకా రాయడం ఆయనకు బాగా చేతనవును. తాత్పర్యం మాత్రం ఎప్పుడూ ఒకటే.

శుక్రవారం సాయంత్రం తడిసి ముద్దై ఇంటికి చేరాను. డ్యూటీ మొదలైనప్పటి నుంచి మా ఆవిడ నన్ను గుమ్మం దాటనివ్వడం లేదు. పెరట్లో వేడినీళ్ల బకెట్ పెట్టి, తలకు పోసుకున్నాకే లోపలికి రమ్మంటోంది. కరోనాకి ఎంత జాగ్రత్త అని మురిసిపోతూ వచ్చాను. ఆ రోజు మాత్రం చలిగా ఉంది.

"చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలని మేమే మైకులో చెప్తున్నాం. రోజూ తలస్నానం ఎందుకే?"

"కరోనాకని ఎవరు పోసుకోమన్నారండీ? ఆ హాలుకి."

"హాలుకేమైంది?"

ఆమె నన్ను కాసేపు జాలిగా చూసింది.

"మీకు తెలీదేటి? మా చిన్నాన్న పన్నెండో రోజు భోజనాలు అక్కడే కదా పెట్టారు. మీరప్పుడు జ్వరంతో గదిలో ఉన్నారు. ఈ వేసవంతా ఆ హాల్లో అవే. అటునుంచి వచ్చి తిన్నగా దేవుడి గదిలోకి పోతారా?"

తల మీద వేడినీళ్లు పడ్డాయి. బుర్ర అప్పుడు పనిచేసింది. సర్వీసంతా బ్యారక్‌ల్లో, టెంట్లలో బతికినవాణ్ణి. ఏ హాలు దేనికి అన్నది చూసుకోవడం ఎప్పుడో మర్చిపోయాను. అందుబాటులో ఉంది, ఖాళీగా ఉంది, అద్దె లేదు. ఎందుకు ఖాళీగా ఉందో మాలో ఒక్కడూ అడగలేదు.

శనివారం పొద్దున్న ఆరింటికి యాదమ్మ కొట్టంలో ఉన్నాను. ఆమె పాలు పిండుతోంది.

"అమ్మా, హాలు సంగతేనా?"

చేతులు ఆగాయి.

"ఎవలు జెప్పిన్రు?"

"మా ఇంటామె."

"తెలివిగలది." మళ్లీ పిండటం మొదలుపెట్టింది. "సూదికి నాకేం భయం బిడ్డా? బర్రె తన్నులు దిన్న పానం ఇది. గని ఆ హాల్లకెళ్లి ఇంటికొస్తే తలకు పోసుకోవాలె. సూది ఏసినంక జరం వస్తదంటరు. జరంల తలకు పోసుకుంటరా ఎవలన్న? పోసుకోకుంట ఇంట్లకెట్ల వస్త? ఏం జెయ్యమంటవ్, నువ్వే జెప్పు."

సైన్యంలో దీనికి డ్రిల్ లేదు.

"ఈ మాట ముందే అనొచ్చు కదమ్మా?"

"ఎట్లంట బిడ్డా? ఈ గల్లీల అందరి దినాలు గాడ్నే అయినయ్. ఆ హాలు మంచిది గాదు అంటె వాళ్ల మనసు నొయ్యదా?" కాసేపు పాలధార చప్పుడు. "మా పెద్దోనిది సుత గాడ్నే జేసినం."

ఆమె పాల చెంబును నేనే ఎత్తి గడపలో పెట్టాను.

అక్కడి నుంచి సింహాచలం ఇంటికి వెళ్లాను. ఇదే ప్రశ్న. అతను తల దించుకున్నాడు.

"మరేటనుకున్నావు బావూ? మా తమ్ముడి పెద్దకార్యం అయిన చోటుకి మా మరదల్ని సూదికి తీసుకెల్లమంతావా? ఆ పిల్ల గుమ్మం దగ్గరే పడిపోద్ది."

చార్ట్‌లో ఆకుపచ్చకు, ఎరుపుకు మధ్య నిలువు గీత ఉంది. గల్లీలో ఆ గీత లేదు. ఒకరు దినం అంటారు, ఒకరు పెద్దకార్యం అంటారు. దుఃఖం ఒకటే, పట్టింపు ఒకటే, నోరు మెదపని మర్యాదా ఒకటే. దీన్ని పట్టుకుని ఏ జాతికి ఎంత భయమో రంగులు వేశాం.

ఏడున్నరకు ఆఫీసరుకు ఫోన్ చేశాను. హాలు వద్దు, ఇంకెక్కడైనా పెడదాం అన్నాను. కారణం చెప్పాను.

"మూఢనమ్మకాలకి మనం తలొగ్గకూడదు. పర్మిషన్ ఉన్న స్థలం అదొక్కటే. అక్కడే కూర్చోండి. అయిదింటికి వచ్చి సెంటర్ క్లోజ్ చేస్తాను. అర్థమైందా?"

"రాజర్ సార్."

పౌరులకు ఒక మాట చెప్పాలి. రాజర్ అంటే వినబడింది అని. చేస్తాను అని కాదు.

సింహాచలాన్ని అడిగాను. "బడి తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే. పర్మిషన్ మట్టుకు నా దగ్గర లేదు."

"నా దగ్గరా లేదు."

"అయితే మరేటి, పద."

బడి మూతపడి ఏడాది దాటింది. వరండా వెడల్పుగా ఉంది, కుళాయి ఉంది, గాలి ఉంది. సింహాచలం నీళ్లు కొట్టి తుడిచాడు. సిగ్నల్‌మన్ బెంచీలు మోశాడు. సిస్టర్ హాలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"సార్, నా ఉద్యోగం పోతే?"

"టీకా పెట్టె ఎత్తుకెళ్లింది నేను సిస్టర్. పెట్టె ఎక్కడుంటే మీరు అక్కడుండాలి కదా. ఎవరడిగినా నా పేరు చెప్పండి."

పెట్టె భుజానికి తగిలించుకుని గల్లీ నడిమధ్య నుంచి నడిచాను. ఇన్నేళ్ల సర్వీసులో నేను చేసిన ఒకే ఒక్క దాడి అది. వెనక సిగ్నల్‌మన్ మైకు అందుకున్నాడు.

"సుట్టాలు, పక్కాలు, అందరు ఇనుండ్రి! సూది బడిల ఏస్తున్నం! హాల్ల గాదు, బడిల! బడికెళ్లొస్తె ఎవలు తలకు పోసుకునేది లేదు!"

పది నిమిషాలు ఎవరూ కదల్లేదు. నా గుండె మాత్రం బాగా కదిలింది. ఇదీ తప్పితే అయిదింటికి పెట్టె లేస్తుంది, నాతోపాటు సిస్టరూ సింహాచలమూ ఇరుక్కుంటారు.

అప్పుడు యాదమ్మ వచ్చింది. ఉతికిన చీర, తలకు నూనె. బెంచీ మీద కూర్చుని చేయి చాపింది.

"సూది ఏయ్ బిడ్డా. బర్రెలు ఎదురుసూస్తున్నయ్."

సిస్టర్ సీసా చూసింది, నన్ను చూసింది. ఒక్కరి కోసం విప్పాలా?

"అవునే, పదిమంది గావాల్నంట గద?" అని యాదమ్మ గల్లీ వైపు తిరిగింది. ఆయాసం ఉన్న మనిషి గొంతు కాదది. "ఓ సింహాచలం! మీ మరదల్ని తోల్క రా! ఓ మొగోళ్లూ, ఏడ దాసుకున్నరు? ముసల్దాని కన్న పిరికోళ్లా?"

సింహాచలం మరదలు వచ్చింది. బడి గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడింది. యాదమ్మ లేచి వెళ్లి చేయి పట్టుకుని తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. ఎడమ ఇళ్లు, కుడి ఇళ్లు కలగలిసి వచ్చాయి.

"బ్రావో నుంచి ఆల్ఫా. లైను మెయిన్ రోడ్డుకు అందుతున్నది. పోలీసోళ్లు పరేషాన్ అయితున్నరు. ఓవర్."

"పోలీసులకు టీకా పడిందా అడుగు. ఓవర్."

మూడింటికి పెట్టె ఖాళీ. సిస్టర్ తనే ఫోన్ చేసి ఇంకో పెట్టె తెప్పించింది. ఈసారి ఉద్యోగం సంగతి ఎత్తలేదు.

అయిదింటికి ఆఫీసరు హాలుకు వెళ్లాడు. తాళం. మైకు మోత పట్టుకుని బడికి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది, చార్ట్ లాగే.

"ఎవరి పర్మిషన్‌తో మార్చారు?"

"ఎవరిదీ లేదు సార్. బాధ్యత నాది. రాసుకోండి."

రాసుకోబోయి లైను చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. ఫోన్ మోగింది. పైవాళ్లు. "సార్... అవును సార్... ఎక్సలెంట్ రెస్పాన్స్. రెండు కమ్యూనిటీల్లోనూ చైతన్యం తెచ్చాం సార్. లేదు సార్, ఇక్కడే కొనసాగిద్దాం."

సెంటర్ నిలిచింది. నాకు కావాల్సింది దొరికింది. చైతన్యం తెచ్చిందెవరో నేను అడగలేదు.

ఫోన్ పెట్టేసి చొక్కా చేయి మడిచాడు. "నాదీ రెండో డోసు ఉంది. లైను లేకుండా తొందరగా వేసేయండి. మీటింగ్ ఉంది."

వేసేశారు. సూది సిస్టర్ చేతిలో ఉన్నా, అరగంట నా చేతిలో ఉంది కదా.

"సార్, మీదే ఊరు?"

చెప్పాడు. ఆ జిల్లా పేరు ఇక్కడ రాయను. వాళ్ల తప్పేమీ లేదు.

"అయ్యో. ఆ వైపు వాళ్లకి అరగంట చాలదు సార్. కళ్లు తిరుగుతాయి. వాళ్ల కల్చరే అంత."

బెంచీ చూపించాను. అప్పటికే యాదమ్మ సాయంత్రం పాలు ఇచ్చేసి, ఎవరెవరు వచ్చారో చూడటానికి మళ్లీ వచ్చి కూర్చుంది. పక్కన సింహాచలం మరదలు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత జాగా ఉంది.

డ్యూటీ ముగిశాక కార్ఖానా ఇంట్లోనే ఉండిపోయాను. ఆ వానాకాలంలో చూసినవి చాలా వెలిసిపోయాయి. ఆ బెంచీ మాత్రం కళ్ల ముందు నుంచి లేవడం లేదు. ఆఫీసరు మోచేయి పైన దూది అదిమిపట్టుకుని, మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని కూర్చున్నాడు.

"ఎవలోళ్లు బిడ్డా నువ్వు?" యాదమ్మ అడుగుతోంది.

"పెళ్లయిందా? అమ్మాయిది ఏ ఊరు?" అటు నుంచి మరదలు.

"మీ దిక్కు అందరు గిట్లనే వణుకుతరా, నువ్వొక్కనివేనా?"

ఆయన నా వైపు చూశాడు. నేను గడియారం చూశాను. అరగంట ఎప్పుడో దాటింది. చెప్పలేదు.