క్లిప్పులు పెట్టుకున్న అక్క

మా అమ్మాయి ఎత్తుపళ్లకు క్లిప్పులు వేయడానికి తార్నాక క్లినిక్‌లో చెప్పిన ఖర్చు విని, ఇద్దరం బయటికొచ్చి బస్సెక్కాం. పక్క సీట్లో నలభై దాటిన ఒకామె కూర్చుంది. యూనివర్సిటీ హాస్టల్లో వంట చేస్తుందట. పిల్ల పళ్లు చూసి నా వైపు వంగింది.

“సర్కారు పండ్ల దవాఖానకు తీస్కపో చెల్లె. డాక్టర్ చదువు చదివే పిల్లలు పెడతరు, పెద్దసారు పక్కన నిలవడి చూస్తడు. బయట అడిగినదాంట్ల పావు వంతు గూడ కాదు. నెలకొకపారి పోవాలె, గంతే.”

పెదవి పైకెత్తి తన పళ్ల మీది తీగ చూపించింది. “నాకు గూడ ఆడనే పెట్టిన్రు.”

క్లినిక్‌లో చిన్నబోయిన ఉక్రోషం ఆమె మీదికి మళ్లింది. “గీ వయసుల నీకెందుకక్కా? మళ్ల పెండ్లి చేసుకుంటవా ఏంది?” అన్నాను.

ముందు సీట్ల వాళ్లు వెనక్కి తిరిగి చూసి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కాని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. క్యాంపస్‌లో దిగేదాకా ఆ కొంగు తీయలేదు.

మరుసటి వారం ఆ దవాఖానకు బయల్దేరదీస్తే మా అమ్మాయి మంచం మీంచి లేవలేదు.

“నేను రాను. నువ్వు బస్సుల ఆమెను ఎక్కిరిచ్చినట్టు, బడిల అందరు నన్ను చూసి నవ్వుతరు.”

ఎంత బతిమాలినా వినలేదు. ఇప్పుడు అది ఉద్యోగం చేస్తోంది. ఎవరైనా ఫోటో తీస్తామంటే పెదవులు బిగించి నిలబడుతుంది. కాస్త నవ్వమని అందరూ అంటారు. నేను మాత్రం అనను.