గుడారం లోపలి తడి

గుడారం లోపల తడి కనిపిస్తే తప్పు కుట్టినవారిదేనని లోకం అనుకుంటుంది. వాన పైనుంచి పడుతుంది, కుట్టులో ఎక్కడో సందు ఉంటుంది, నీరు లోపలికి దిగుతుంది. ఇంత తేలికైన తర్కంలో ఒక సుఖం ఉంది. అది ఎవరో ఒకరిని వెంటనే దోషిగా నిలబెడుతుంది.

ఈసారి అలా నిలబడినది సైకిళ్ళ దుకాణం పైగదిలో టెంట్లు కుట్టే ఒకావిడ. గదిలో రెండు మిషన్లు, గోడ పొడవునా బట్ట చుట్టలు, ఎప్పుడూ మైనం వాసన. కత్తిరించే పని ఆమె ఆడపడుచుది. కొండ మీది పార్కులో అద్దెకిచ్చే టెంట్లు పంతొమ్మిదేళ్ళుగా వీళ్ళిద్దరి చేతుల మీదుగానే వెళ్తున్నాయి. ప్రతి అతుకుకూ రెండు వరుసల కుట్టు వేసి, బొటనవేలితో మైనం రుద్ది, మేడ మీద బకెట్లతో నీళ్ళు గుమ్మరించి చూడనిదే ఆమె ఏ టెంటునూ గడప దాటనిచ్చేది కాదు.

అలాంటి టెంట్లలో తొమ్మిదింటిని పార్కు పర్యవేక్షకుడు వెనక్కి తెచ్చి నేల మీద కుప్పగా పడేశాడు. లోపల పక్కబట్టలు తడుస్తున్నాయని ఫిర్యాదు. అతడే టార్చి వేసి కుట్టు కుట్టునా వెతికాడు. సందు దొరకలేదు.

“దొరకనంత మాత్రాన లేనట్టు కాదమ్మా” అన్నాడు. కుట్టు లోపమని కాగితం రాసిచ్చి అన్నీ తిరిగి కుట్టి ఇస్తే వచ్చే ఏటి నలభై టెంట్ల పనీ ఆమెకే. లేకుంటే వేరే చోట చూసుకుంటారు.

“అది వాన తడి కాదండీ. పడుకున్నవాళ్ళ ఊపిరి” అందామె. “పైన గాలికిటికీ మూసేస్తే ఊపిరి చల్లటి బట్టకి తగిలి నీరైపోతుంది. తెరిచి ఉంచుకోమని ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను, మీరైనా వాళ్ళకి చెప్పండి.”

“ఊపిరికే పక్కలు తడిసిపోతాయా? నాతో అంటే అన్నారు గానీ, ఇంకెక్కడా అనకండి.”

అతడు మెట్లు దిగాక ఆడపడుచు తలుపు వేసింది. “ఆ టార్చిబాబు బుర్రకే గాలికిటికీ లేదు, వదినా.”

ఆమె నవ్వలేదు. “రేపు కొండ మీదికి వెళ్దాం. మన టెంటులో మనమే పడుకుని చూపిద్దాం.”

“ఇన్నేళ్ళు కుట్టాం, ఒక్కరోజైనా పడుకున్నామా అందులో?”

పడుకోలేదు. ఆ సంగతి అంతవరకు ఇద్దరికీ తట్టనే లేదు.

పార్కు పదకొండు వేల అడుగుల ఎత్తున ఉంది. బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికే ఆయాసం. నేలంతా రాయి, మేకు వంగిందే గాని దిగలేదు. గాలి టెంటును ఎత్తుకుపోబోతే ఇద్దరూ చెరో అంచు మీద కూర్చున్నారు.

“నువ్వు కుట్టిందేగా, చెబితే వినదేం?”

“నువ్వు కత్తిరించావుగా, నీ పోలికే.”

మేకుల చుట్టూ రాళ్ళు పేర్చాక ఆమె మిగతా టెంట్ల వైపు వెళ్ళింది. ఒక్కదానికీ పైకిటికీ తెరిచి లేదు. తెరవమని ప్రతి గుమ్మం దగ్గరా వంగి చెప్పింది. కొందరు తలాడించారు, ఒకాయన మాత్రం, “చలికాలం మీ ఇంట్లో కిటికీలు తెరుచుకుంటారా పిన్నిగారూ?” అని అడిగాడు. ఆమె ముఖం మాడ్చుకుని తిరిగి వచ్చింది.

పొద్దు వాలగానే చలి మొదలైంది. ఆడపడుచు రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది.

“ఆ కిటికీ మూసెయ్యి, వదినా.”

“అది తెరిచి ఉంచడానికే వచ్చాం.”

“నన్ను పైకి పంపడానికే తెచ్చావేమో అనుకున్నా.”

ఆమె కాసేపు పంతం పట్టింది. తర్వాత తన వేలికొసలు తడుముకుంది. స్పర్శ తెలియడం లేదు. బతుకంతా ఆ వేళ్ళ మీదే నడిచింది. ఆకాశంలో ఇంకా వెలుగు ఉండగానే లేచి, తన చేతులారా కిటికీ జిప్పు లాగి మూసేసింది.

తెల్లవారి ఒక చుక్క నుదుట పడితే మెలకువ వచ్చింది. బట్ట లోపలివైపంతా చెమట పట్టినట్టుంది, కుట్లున్న చోటా లేని చోటా ఒకే తీరుగా. బయట మబ్బు తునక లేదు. ఆమె చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి పర్యవేక్షకుణ్ణి పిలుచుకొచ్చింది.

అతడు లోపల అరచేతితో రాసి చూశాడు, బయటికొచ్చి ఆకాశం చూశాడు. “సరే. కుట్టు కాదు, ఒప్పుకుంటున్నా. మరి కిటికీ ఎవరు మూశారు?”

ఆడపడుచు నేల చూపులు చూసింది.

“నేనే” అందామె.

“అన్నీ తెలిసిన మీరే మూసుకుంటే, తెలియనివాళ్ళు మూసుకోరా? అసలు మూసుకునే జిప్పు పెట్టిందెవరు?”

ఆమె తలెత్తి తాను కుట్టిన ఆ జిప్పు వైపు చూసింది. వాదం గెలిచిన మరుక్షణమే చేతిలో ఏమీ మిగలలేదు. ఏళ్ళ తరబడి ఒకే నిజం చెబుతూ వచ్చినవారికి ఒక బలహీనత ఉంటుంది: చెప్పడంతో తమ పని తీరిందనుకుంటారు. చలిలో వణికే మనిషికి ఆ నిజం పనికొస్తుందా అని ఆమె పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు. అతడి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, తనమీదే వచ్చింది.

తిరుగు బస్సులో ఆడపడుచు పోరింది. “ఆ కాగితమేదో రాసిచ్చెయ్యరాదా? తప్పు కుట్టుదైతేనేం, జిప్పుదైతేనేం? నలభై టెంట్లు.”

“జిప్పు చేసిన దానికి కుట్టు మీద అబద్ధం రాయను.”

“రాయకు మరి. ఇద్దరం కింద సైకిళ్ళు తుడుచుకుందాం.”

ఆమె కాగితం రాసింది, అతడు అడిగినది కాదు. కుట్లలో లోపం లేదనీ, గాలికిటికీకి జిప్పు పెట్టడం తన పొరపాటనీ రాసి సంతకం చేసింది. తొమ్మిది టెంట్ల జిప్పులూ విప్పేసి, ఆ చోట వల కుట్టి, వాన పడకుండా దానిపైన మూయడానికి వీలులేని చిన్న చూరు కట్టింది. అతుకుల జోలికి పోలేదు.

“జనానికి చలి వెయ్యదూ?” అంది ఆడపడుచు, దారం తెంపుతూ.

“వేస్తుంది. పొడిగా వేస్తుంది.”

పర్యవేక్షకుడు టెంట్లూ కాగితమూ తీసుకుని వెళ్ళాడు. నలభై టెంట్ల మాట అతడు ఎత్తలేదు. ఆమె అడగలేదు.