ఐదో మెట్టు దాటని గిటార్లు

కృష్ణకీ సముద్రానికీ మధ్య మొట్టమొదటి గిటారు కంపెనీ పెట్టిన ముగ్గురిలో నేనొకణ్ణి. మా గిటార్లు మద్రాసు సినిమా స్టూడియోల దాకా వెళ్ళాయి. ఈ మాట నేను పెళ్ళిపందిళ్ళలో, రైలుపెట్టెల్లో, ఆసుపత్రి వరండాల్లో చెప్పాను. నమ్మనివాడు లేడు.

మిగతా ఇద్దరి గురించి మాత్రం నన్నడగకండి. అడగకపోయినా చెబుతాననుకోండి.

ఒకడు కొల్లూరు దగ్గర లంకల్లో అరటితోటలున్న కామందు. ఎనభైల్లో తాతలనాటి మండువా ఇల్లు పడగొట్టి డాబా కట్టాడు. పాత ఇంటి టేకంతా, దూలాలూ ద్వారబంధాలూ గడపలతో సహా, తెనాలిలో మూతబడ్డ తన రైస్ మిల్లులో గుట్ట వేయించాడు. కలప అడితివాళ్ళు చెప్పిన ధర వింటే ఆయనకి తాతనే బేరమాడినట్టు అనిపించిందట. ఆ కలపని ఏం చెయ్యాలో తోచక ఒక సినిమాకి వెళ్ళాడు. హీరో గిటారు పట్టుకుని కొండెక్కాడు. కంపెనీ పుట్టింది. ఫలానావారు సంగీతం మీద ప్రేమతో ఫలానాది స్థాపించారని ఎక్కడైనా చదివితే నాకు నవ్వాగదు.

గిటారు బాగుందో లేదో ఆయన కొబ్బరికాయని చూసినట్టే చూసేవాడు. చెవి దగ్గర పెట్టుకుని, వేలితో కొట్టి, నీళ్ళున్నాయన్నట్టు తలాడించేవాడు.

రెండోవాడు బాపట్ల నుంచి వచ్చిన హార్మోనియం మేస్త్రి. చర్చిలకీ పద్యనాటకాలవాళ్ళకీ పెట్టెలు బాగుచేసి బతికినవాడు. నాటకాలు తగ్గాయి, చర్చిల్లోకి కుర్రకారు గిటార్లు తెచ్చారు, పెట్టెలు మూలపడ్డాయి. తన పొట్ట కొట్టిన వస్తువునే చేసి పొట్ట నింపుకోడానికి వచ్చాడన్నమాట. గిటారంటే ఎంత అసహ్యమో దాచుకునేవాడు కూడా కాదు.

“గాలి లేని వాయిద్యం ఏంటండి? ఊపిరి లేనిదాన్ని మనం ఏమంటామో మీకు తెలీదా?” అంటూనే దానికి మెడ అతికించేవాడు.

ఇక మూడో వ్యవస్థాపకుణ్ణి నేను. సరే, ఇక్కడ కాస్త తగ్గించాలి. నేను తెనాలిలో ఒక ఆఫీసులో గుమాస్తాని. సాయంత్రాలు మిల్లుకి వెళ్ళేవాణ్ణి. అక్కడ నేను కూర్చునే కుర్చీ కూడా మా ఇంటిదే. తయారైన గిటారుని వాయించి చూసి ‘పాస్’ అనడం నా పని. ఆ పని నాకెందుకొచ్చిందంటే, ఆ మిల్లు ఆవరణలో అంతో ఇంతో గిటారు తెలిసినవాణ్ణి నేనే. నాకొచ్చింది మూడు కార్డ్‌లు, అంటే తీగల మీద వేళ్ళు పెట్టే పద్ధతులు మూడు. బాపట్లలో చదువుకునేటప్పుడు హాస్టల్లో నేర్చుకున్నవి. మేం లూథరన్లం, క్రిస్మస్ నుంచి ఈస్టర్ దాకా పాటలన్నీ ఆ మూడింటితో లాగించెయ్యొచ్చు. మద్రాసు సంగతీ అంతే. మా గిటారు ఒకటి మద్రాసు వెళ్ళిన మాట నిజం. కొన్న పెద్దమనిషి కూతురింటికి వెళ్ళి, వచ్చేటప్పుడు దాన్ని అక్కడే మర్చిపోయాడు.

అసలు కథకొస్తాను. గిటారు మెడ మీద అడ్డంగా సన్నటి కడ్డీలుంటాయి. మేస్త్రి హార్మోనియం అలవాటు కొద్దీ వాటిని మెట్లనేవాడు, మేమూ అదే అన్నాం. కొస నుంచి బుర్ర వైపు, అంటే కింది డొల్లపెట్టె వైపు, వస్తున్నకొద్దీ వాటి మధ్య దూరం తగ్గుతూ వస్తుంది. ఎంత తగ్గాలన్నది వెంట్రుకవాసి లెక్క. తప్పితే అపస్వరమే. ఆ లెక్క మాలో ఎవడికీ రాదు. అందుకని మా మరదలి గిటారు అడిగి తెచ్చాను. మరదలంటే మా ఆవిడ చెల్లెలు. రేపల్లెలో టీచరు, అక్కడి చర్చిలో ఆడపిల్లల పాటల బృందం, అదే క్వయర్, నడిపేది. ఆమెది కలకత్తా గిటారు, మంచిది. మేస్త్రి దాని మెడ పక్కన రేకుబద్ద పెట్టి, మెట్టు మెట్టుకీ గాటు పెట్టడం మొదలెట్టాడు. ఐదో మెట్టు దాకా వచ్చాడో లేదో, మరదలి నుంచి కబురు: బాపట్లలో పెళ్ళి ఉంది, గిటారు వెంటనే కావాలని. ఇచ్చెయ్యక తప్పలేదు. మిగతా మెట్లన్నీ మేస్త్రి కంటి అంచనాతో గీసిపారేశాడు.

కామందు దూరంగా నిలబడి చూసి, “భలే ఉన్నాయి మేస్త్రీ, దువ్వెన పళ్ళల్లే!” అన్నాడు.

విడ్డూరమేమిటంటే, కంపెనీ నడిచింది. ఏళ్ళ తరబడి నడిచింది. పొన్నూరు, చెరుకుపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఐదో మెట్టు దాటి వేలు పెట్టినవాడు లేడు. అందరికీ నాకొచ్చిన మూడే వచ్చు. శ్రుతి పెంచుకోడానికి మెడకి క్లిప్పు బిగించిన ఒకరిద్దరు మాత్రం ఏదో తేడాగా ఉందని మొత్తుకున్నారు. కామందు ‘మా గిటార్లకు క్లిప్పు వాడరాదు’ అని అచ్చువేయించి ప్రతి గిటారు కడుపులోనూ అంటించాడు.

“శ్రుతి పెరగాలంటే గొంతు పెంచుకోమనండి. క్లిప్పులేంటి, బట్టలారేస్తారా?”

ఇంకోసారి ఒక గిటారు మెడ మీద వార్నిష్ కింద నుంచి పసుపుమరక తేలింది. గడప చెక్కతో చేసిన మెడ అది. మూడు తరాల కోడళ్ళు పూసిన పసుపు. కొన్న చర్చి సంఘపెద్ద మండిపడి వెనక్కి పంపితే, కామందు నొచ్చుకున్నాడు: “శుభమే కదండీ, దానికంత కోపమేంటి?” ఇలాంటివాళ్ళండీ వ్యవస్థాపకులు!

తొంభైల మొదట్లో రేపల్లెలో మరదలి వాళ్ళ చర్చికి కొత్త గుడి కట్టారు. ప్రతిష్ఠ ఆరాధనలో ఎవరు పాడాలన్నది పెద్ద తగువు. అక్కడ హార్మోనియం వాయించే ఒక పెద్దాయనకి ఆడపిల్లల క్వయర్ అన్నా, గిటారన్నా పడదు.

“ఒక్క అవకాశం ఇస్తున్నానమ్మా. తేడా వచ్చిందంటే మళ్ళీ నా పెట్టే. క్వయర్ కూడా నాకు వదిలెయ్యాలి,” అన్నాడట అందరి ముందూ.

మరదలు ఒప్పుకుంది. నలుగురు పిల్లల్ని ఒకరి తర్వాత ఒకర్ని కూర్చోబెట్టి తన గిటారు మీదే తయారు చేసింది. వాళ్ళ చేతికివ్వడానికి నాలుగు గిటార్లు మా కంపెనీకే చెప్పింది.

“బావగారూ, నమ్మొచ్చా?”

“నా చేతి మీదుగా పాసైనవమ్మా!” అన్నాను, చొక్కా సర్దుకుని.

వార్నిష్ ఆరక గిటార్లు ముందురోజు సాయంత్రం గానీ రేపల్లె చేరలేదు. అంటుకుంటుందని పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు మొదటి చరణం హాయిగా సాగింది. నేను పక్కవాడి మోకాలు గిల్లి, “మా కంపెనీవే,” అన్నాను. చరణానికీ చరణానికీ మధ్య మరదలు ఒక చిన్న వరస కట్టింది. ఆ నలుగురి వేళ్ళూ మెడ మీద జారుతూ బుర్ర దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళాయి. నూనె లేని నాలుగు బావిగిలకలు ఒక్కసారి తిరిగినట్టయింది. వెనక బెంచీల్లో కిసకిసలు. పిల్లలు తమదే తప్పనుకుని ఇంకా గట్టిగా నొక్కారు, ఇంకా ఘోరమైంది. పెద్దాయన లేచి, తొందరేమీ లేకుండా వెళ్ళి, హార్మోనియం మీద గుడ్డ తీశాడు. మరదలు మిగతా పాటంతా చేతులు కట్టుకుని నిలబడింది. ఆ తర్వాత క్వయర్ మళ్ళీ ఆమె చేతికి రాలేదు.

సంగతి ఊరూరా పాకి కంపెనీ మూతబడింది. కామందు మిగిలిన టేకుతో మంచాలు చేయించాడు. మంచాలకి శ్రుతి అక్కర్లేదు కదా. మేస్త్రికి మాత్రం కలిసొచ్చింది. రేపల్లె చర్చి పెట్టెకి కొత్త తిత్తులు వెయ్యడానికి ఆయన్నే పిలిచారు. ఇదొక్కటి చాలదా? గిటారు పరువు తీసి పెట్టెని నిలబెట్టుకోడానికే ఆ మెట్లు కావాలని తప్పుగా గీశాడని నేనన్నాను. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ రాస్తున్నాను. మేస్త్రి పోయి చాలాకాలమైంది.

ఇక్కడిదాకా రాసి, మొన్న రేపల్లె వెళ్ళి మరదలికి చదివి వినిపించాను. రిటైరై ఇంట్లోనే ఉంటోంది. బియ్యంలో రాళ్ళేరుతూ చివరిదాకా విన్నది. మెచ్చుకుంటుందనుకున్నాను.

“నోటితో అన్నన్నాళ్ళూ ఊరుకున్నాను బావగారూ. రాస్తే ఊరుకోను. గిటారు వెనక్కి పంపమని నేనెప్పుడు కబురెట్టాను? ఆ పెళ్ళికి నేను వెళ్ళనే లేదు, బళ్ళో పరీక్షలు. ఆడపెళ్ళివారి ముందు వాయించి చూపిద్దామని దాన్ని మిల్లులోంచి పట్టుకుపోయింది మీరు. తిత్తులెయ్యడానికి వచ్చినప్పుడు మేస్త్రిగారే చెప్పారు. మళ్ళీ తెమ్మని రెండుసార్లు అడిగితే, ‘ఐదో మెట్టు దాటి ఎవడు వాయిస్తాడు, గీసెయ్యండి’ అన్నారట మీరు. నిజమా కాదా, అక్కనడగనా? ఆయన లేరు కదా అని ఏది పడితే అది రాయకండి. ఆ ముక్క కొట్టేసి, పెళ్ళికెళ్ళింది ఎవరో రాయండి.”