డొరతీ గారి పొలాల పేర్లు

మంగళవారం ఉదయం ఏడున్నరకు మా వీధిలోకి రీసైక్లింగ్ బండి వస్తుంది. తడిసిన కాగితం వాసన కిటికీలోంచి లోపలికి వస్తే చేతిలో పని వదిలేసి, బండి మలుపు తిరిగేదాకా నిలబడతాను. పక్కింట్లో ఉండే డొరతీ గారు పోయింది 2023 మే నెలలో. ఆవిడ ఊరు పోయింది అదే ఏడాది సెప్టెంబరులో, ఒక మంగళవారం.

కెనడాలోని ఈ లండన్‌కు వచ్చిన కొత్తలో నాకు ఆసుపత్రి రికార్డుల గదిలో ఉద్యోగం దొరికింది. ఆ గదికి పెద్ద డొరతీ గారు. ఇంగ్లండులో ఒక పల్లెటూరి రైతు కూతురు. మొదటి వారంలోనే నేను రాసిన కాగితం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"సుగుణా, ఈ తేదీ నీకు తెలుసా, ఊహించావా?"

"ఊహించాను."

"తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టు. దాన్ని చూసి ఎవరూ మోసపోరు."

పదిహేడేళ్ళు ఆవిడ కింద పనిచేశాను. రిటైరయ్యాక ఆవిడ తన ఊరి చరిత్ర రాయడం మొదలుపెట్టారు. అరవై గడపల ఊరు. చర్చి గంటలు ఎవరు పోత పోయించారు, ఏ బావి ఎప్పుడు ఎండింది, అన్నీ టైపు చేశారు. చిక్కంతా పొలాల పేర్ల దగ్గర వచ్చింది. పొలానికొక పేరు, మొత్తం నలభై మూడు. రాసేది ఒకటి, ఊళ్ళోవాళ్ళు పలికేది ఇంకొకటి. కాగితం మీద 'వెదర్‌హర్స్ట్' అయిన పొలం వాళ్ళ నాన్న నోట్లో 'వెదరస్'. కంచెలు తీసేసి అన్నిటినీ ఒకే పొలం చేసి చాలాకాలమైంది. ఆ పేర్లు పలికేవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కరే.

"మా స్పెల్లింగుకు చెవుల్లేవు," అన్నారొకరోజు విసుగ్గా.

"మీరు పలకండి, నేను తెలుగులో రాస్తాను. మేము పలికిందే రాస్తాం."

నవ్వారు, కానీ నలభై మూడూ చెప్పారు. వారం తరవాత నోట్‌బుక్ చూసి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"మళ్ళీ చదువు. పన్నెండోది మాత్రం తప్పు, దాన్ని సాగదీశావు. మా నాన్న అంత తీరికైన మనిషి కాదు."

ఆ నోట్‌బుక్‌ను తన బేస్‌మెంట్‌లో, ఊరి మ్యాపు పక్కన పెట్టుకున్నారు. "నేను పోయాక నీదే," అన్నారు. కాగితం మీద మాత్రం రాయలేదు.

రాయలేదు కనుక నేను తీసుకోలేదు. ఆ వేసవంతా ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంది. అయినా ఆవిడ తమ్ముడి కొడుకు అనుమతి రాతలో ఉండాలని అతనికి ఉత్తరం రాసి కూర్చున్నాను. జవాబు రాకముందే ఇంట్లోకి విద్యార్థులు అద్దెకు దిగారు. ఆ ఏడాది పిల్లలు ఎక్కడ చోటు దొరికితే అక్కడ సర్దుకుంటున్నారు. "తప్పకుండా తీసుకోండి" అన్న జవాబు గురువారం వచ్చింది. అది పట్టుకుని వెళ్తే, హారిక అనే గుంటూరు అమ్మాయి తలుపు తీసింది.

"అయ్యో ఆంటీ, బేస్‌మెంట్ మొన్నే క్లీన్ చేశాం. ఎనిమిదిమందిమి కదా, ఇద్దరికి అక్కడే బెడ్స్ వేశాం."

"తెలుగు నోట్‌బుక్ ఒకటి ఉండాలమ్మా."

"అది మీదా? ఓపెన్ చేసి చూశానాంటీ. తెలుగే, కానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్లలెవరో ప్రాక్టీస్ చేసి ఉంటారనుకుని రీసైక్లింగ్‌లో వేసేశాం."

నా ముఖం చూసి ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళకు పడుకోవడానికి చోటు కావాలి. తెలుగు రానివాళ్ళయితే, ఏదో పాత లిపి అని దాచేవారేమో. చదవగలిగింది కనుకే పారేసింది. ఆ తప్పుకు ముందు నా తప్పు ఉంది.

ఆ సాయంత్రమే గుర్తున్నవన్నీ రాశాను. నలభై మూడింటిలో పంతొమ్మిది వచ్చాయి. అప్పటినుంచి ప్రతి మంగళవారం, బండి వెళ్ళిపోయాక, వాటిని పైకి చదువుతాను. ఈ వారం వెదరస్ దగ్గర నోరు ఆగిపోయింది. వెదరసా, వెదరిసా? రెండూ నా చెవికి సరిగానే ఉన్నాయి. అడగడానికి ఈ లోకంలో ఎవరూ లేరు. పెన్ను తీసి దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

పంతొమ్మిదిలో ఇప్పటికి ఎనిమిది ప్రశ్నార్థకాలు.